యుగంధరుడి కేక, హామ్లెట్ స్వగతం

నెల్లూరు నాటకాల గురించి మాట్లాడుకుంటే వేదం వేంకటరాయశాస్త్రి పేరు రాకుండా ఉండదు. ఆయన రాసిన ‘ప్రతాపరుద్రీయం’ 1897లో వచ్చింది. నెల్లూరులోని ఆంధ్రభాషాభిమాని సమాజం వాళ్ళు దాన్ని ఆడారు. ఢిల్లీ సుల్తాను చెరలో ఉన్న కాకతీయ రాజును విడిపించడానికి మంత్రి యుగంధరుడు పిచ్చివాడి వేషం కడతాడు. సుల్తానునే పట్టుకుపోతానని ఢిల్లీ వీధుల్లో అరుస్తూ తిరుగుతాడు. పిచ్చోడి మాటల్ని ఎవరు పట్టించుకుంటారు? చివరికి అన్నంత పనీ చేస్తాడు.

ఈ వేషం మన కథల్లో పాతదే. కథాసరిత్సాగరంలో యౌగంధరాయణుడు కూడా తన రాజు కోసం ఇలాగే పిచ్చివాడవుతాడు. కానీ ఇంజనీరింగ్ చదివి, తీరిక వేళల్లో షేక్‌స్పియర్‌ని తిరగేసే నాలాంటివాడికి ముందు గుర్తొచ్చేది హామ్లెట్. ఇద్దరికీ ఒక తేడా ఉంది. యుగంధరుడు చేయబోయేది నలుగురిలో అరిచి చెప్తాడు. హామ్లెట్ తనలో తాను మాట్లాడుకునేటప్పుడు కూడా ఒక్కోసారి చెప్పడు.

ఉండటమా, లేకపోవడమా అన్న ప్రశ్నతో మొదలయ్యే మూడో అంకంలోని స్వగతాన్ని, చావాలనుకుంటున్న రాకుమారుడి గోడుగా చదవడం మామూలు. అందులో లేనివేమిటో చూడండి. తండ్రి హత్య లేదు, బాబాయి లేడు, తల్లి లేదు, పగ లేదు. ఒఫీలియా కంటబడేదాకా ‘నేను’ అన్న మాటే లేదు. ఉన్నది ‘మనం’. తండ్రి ప్రేతంతో స్వయంగా మాట్లాడినవాడే, పోయినవాళ్ళెవరూ తిరిగిరారంటాడు. అందుకే నాకది ఒక్కడి గోడులా అనిపించదు. ఓర్చుకోవాలా, ఎదిరించాలా, ముగించుకోవాలా అన్న ప్రశ్న ఎవరిదైనా కావచ్చు.

చరిత్రలోని ప్రతాపరుద్రుడిదీ కావచ్చు. 1310లో మాలిక్ కాఫుర్ ముట్టడికి లొంగి ఆయన కప్పం కట్టాడు. అంటే ఓర్చుకున్నాడు. తర్వాత ఎదిరించాడు. 1323లో ఓరుగల్లు పడిపోయింది. ఢిల్లీకి తీసుకుపోతుంటే నర్మద ఒడ్డున చనిపోయాడని ముసునూరి ప్రోలయ నాయకుడి విలస శాసనం చెబుతుంది. సరిగ్గా నూరేళ్ళకు, 1423లో అనితల్లి వేయించిన కలువచేరు శాసనం ఇంకో మాట చేరుస్తుంది: తన ఇష్టంతోనే దేవలోకానికి వెళ్ళాడట. దీన్ని ఆత్మహత్యగా అర్థం చేసుకున్న చరిత్రకారులున్నారు.

అంటే యుగంధరుడు ఏ ఢిల్లీ నుంచి రాజును విడిపించాడో, ఆ ఢిల్లీకి రాజు చేరనేలేదు. కథే ఆయన్ని బతికించుకుంది. ఓడిపోయిన జనానికి అలాంటి కథ కావాలి, తెల్లదొరల పాలనలో నాటకం చూస్తున్నవాళ్ళకి మరీను. కాకపోతే మంత్రి కేకలో రాజు స్వగతం కలిసిపోయింది.

చావు తర్వాత ఏముందో తెలియని భయమే మనల్ని ఆపుతుందని హామ్లెట్ తేలుస్తాడు. కలువచేరు మాట నిజమైతే, ప్రతాపరుద్రుణ్ణి ఆ భయం ఆపలేదు. బందీగా ఢిల్లీ చేరడం ఆయనకి అంతకంటే పెద్ద భయం అయ్యుండాలి. హామ్లెట్ ‘మనం’ అన్నచోట నాకిప్పుడు డెన్మార్క్ రాకుమారుడి కంటే ముందు ఆ నది ఒడ్డున రాజే కనిపిస్తాడు.