ప్రభుత్వ పనుల కాంట్రాక్టులు: ధరలు, లెక్కలు, నిబంధనలలో మార్పులను గమనించవలసిన తీరు

ప్రభుత్వ శాఖలు చేపట్టే నిర్మాణ పనుల అంచనాలు, టెండర్లు, ఒప్పందాలు, బిల్లుల చెల్లింపులు పలు నియమావళులకు, ఉత్తర్వులకు లోబడి ఉంటాయి. వీటిలో కొన్ని దశాబ్దాలుగా మారనివి. మరికొన్ని ఒక్క పని పూర్తయ్యేలోగానే రెండు మూడు పర్యాయాలు మారినవి. ఒప్పందం కుదిరిన నాటి నిబంధన ఒకటి, బిల్లు చెల్లించిన నాటి నిబంధన మరొకటి అయిన సందర్భాలలో అధికారులకు ఆడిట్ అభ్యంతరాలు, గుత్తేదారులకు నష్టాలు, పత్రికలకు సవరణ ప్రకటనలు తప్పడం లేదు. ఈ విషయమై అధికారులు, పాత్రికేయులు గమనించవలసిన అంశాలను ఈ వ్యాసంలో పొందుపరచడమైనది.

ఏది నియమం, ఏది కాదు

రాష్ట్రం తరఫున కుదిరే ప్రతి ఒప్పందం గవర్నరు పేరిట, అందుకు అధికారం పొందిన వ్యక్తి ద్వారా లిఖితపూర్వకంగా జరగాలని రాజ్యాంగం 299వ అధికరణం నిర్దేశిస్తున్నది. ఆ దిగువన ఆర్థిక నియమావళి, ప్రజాపనుల శాఖా నియమావళి ఉన్నాయి. వాటిని ఎప్పటికప్పుడు సవరిస్తూ ప్రభుత్వ ఉత్తర్వులు వెలువడుతుంటాయి. కేంద్ర ప్రభుత్వానికి వర్తించే సాధారణ ఆర్థిక నియమాలు వేరు. 1963 నాటి ఆ నియమాలను 2005లోను, తిరిగి 2017లోను సమగ్రంగా మార్చారు. రాష్ట్ర శాఖ పనిని గురించి వ్రాస్తూ కేంద్ర నియమాలను ఉటంకించడం తరచు కనిపించే పొరపాటు.

ఉత్తర్వులలోను తారతమ్యం ఉన్నది. జి.ఓ.ఎం.ఎస్. సంఖ్యతో వచ్చేవి సాధారణంగా విధాన నిర్ణయాలు. జి.ఓ.ఆర్.టి. సంఖ్యతో వచ్చేవి ఒక నిర్దిష్ట పనికో, ఒక మంజూరుకో పరిమితమైనవి. మెమో అన్నది వివరణ మాత్రమే. ఉత్తర్వులో లేని మినహాయింపును మెమో కల్పించజాలదు. ఆ మాటకొస్తే పత్రికా ప్రకటన కూడా ఉత్తర్వుకు ప్రత్యామ్నాయం కాదు. ప్రకటనను చూసి వార్త వ్రాయవచ్చును గాని, బిల్లు పాస్ చేయరాదు.

ఒకే పనికి అయిదు అంకెలు

ఒక పనికి సంబంధించి పత్రికలలో వేర్వేరు మొత్తాలు కనిపించడానికి ప్రధాన కారణం దశలను వేరుచేసి చూడకపోవడమే. పరిపాలనా ఆమోదంలో ఉండే మొత్తం, ఆ పనికి ప్రభుత్వం వెచ్చించదలచిన గరిష్ఠ వ్యయం. అందులో భూసేకరణ, పన్నులు, పర్యవేక్షణ వంటి పద్దులు కూడా కలిసి ఉండవచ్చును. ఇంజనీరు సవివరంగా లెక్కగట్టి ఇచ్చే సాంకేతిక మంజూరు రెండవ అంకె. అందులో నుండి గుత్తేదారు చేయవలసిన భాగాన్ని విడదీసి టెండరులో చూపే అంచనా కాంట్రాక్టు విలువ మూడవది. గుత్తేదారు కోట్ చేయగా ఖరారైన ఒప్పంద విలువ నాలుగవది. చివరకు వాస్తవంగా జరిగిన చెల్లింపు అయిదవది.

పరిపాలనా ఆమోదపు అంకెను ఒప్పంద విలువతో పోల్చి "కోట్లు మిగిలాయి" అని వ్రాసినా, ఒప్పంద విలువను మొత్తం వ్యయంతో పోల్చి "కోట్లు పెరిగాయి" అని వ్రాసినా ఆ పోలిక నిలబడదు. అదనపు పరిమాణాల వల్ల ఒప్పంద విలువ నిజంగానే పెరిగిన సందర్భాలు లేకపోలేదు. అవి బయటపడాలంటే ఒప్పంద విలువను అనుబంధ ఒప్పందాలతోనే పోల్చి చూడాలి.

అంచనాకు ఆధారం ప్రామాణిక ధరల పట్టిక. చీఫ్ ఇంజనీర్ల మండలి ఆమోదించే ఈ పట్టికలో సిమెంటు, ఉక్కు, కంకర, కూలీల ధరలు ఉంటాయి. ఏ సంవత్సరపు పట్టికతో అంచనా వేశారన్నది మొదట అడగవలసిన ప్రశ్న. పాత పట్టికతో వేసిన అంచనాపై 4 శాతం ఎక్కువకు, కొత్త పట్టికతో వేసిన అంచనాపై 4 శాతం ఎక్కువకు అర్థం ఒకటి కాదు.

టెండరు పరిమితులు

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 సంవత్సరం ఈ విషయంలో మలుపు. ఎలక్ట్రానిక్ టెండర్ల విధానం ఆ సంవత్సరమే ఆరంభమైనది. నీటిపారుదల, ఆయకట్టు అభివృద్ధి శాఖ 2003 జూలై 1వ తేదీన జారీ చేసిన జి.ఓ.ఎం.ఎస్.నెం.94 టెండరు ప్రక్రియను సమగ్రంగా సంస్కరించినది. అంచనా కాంట్రాక్టు విలువకు 5 శాతానికి మించి ఎక్కువ కోట్ చేసిన టెండరును ఆమోదించరాదని, 25 శాతానికి మించి తక్కువ కోట్ చేసినవారు ఆ తేడాకు అదనపు హామీ చెల్లించాలని ఈ ఉత్తర్వు నిర్దేశించినది. ధరావతు సొమ్ము టెండరుతో పాటు 1 శాతం, ఒప్పందం సమయంలో 1.5 శాతంగా నిర్ణయమైనది.

ఉదాహరణకు అంచనా కాంట్రాక్టు విలువ రూ.1 కోటి అనుకొందాము. ఒక గుత్తేదారు 30 శాతం తక్కువకు, అనగా రూ.70 లక్షలకు కోట్ చేస్తే, 75 లక్షలకు 70 లక్షలకు గల తేడా రూ.5 లక్షలను అతడు అదనపు హామీగా చూపాలి. పని దక్కించుకొనడానికి అసాధ్యమైన ధర వేసి మధ్యలో వదిలిపోయేవారిని అరికట్టడం ఇందలి ఉద్దేశం. ఈ హామీ బ్యాంకు గ్యారంటీ రూపంలో ఉంటే దాని గడువు తేదీని డివిజన్ కార్యాలయం రిజిస్టరులో వ్రాసుకొనడం ఎంతో ముఖ్యం. గడువు దాటిన గ్యారంటీ చిత్తు కాగితంతో సమానం.

ఆంధ్రప్రదేశ్‌లో 2019లో రివర్స్ టెండరింగ్ విధానాన్ని, రూ.100 కోట్లు, అంతకు మించిన పనుల టెండరు పత్రాలను న్యాయమూర్తి ముందుగా పరిశీలించే చట్టాన్ని ప్రవేశపెట్టగా, 2024లో ఆ రెండింటినీ రద్దుచేశారు. ఆ మధ్యకాలంలో కుదిరిన ఒప్పందాలను పరిశీలించేవారు ఆనాటి నిబంధనలనే చూడవలసి ఉంటుంది. తెలంగాణలో 2014 జూన్ 2 తరువాత వెలువడిన సవరణలు ప్రత్యేకం. ఒక రాష్ట్రపు సవరణను రెండవ రాష్ట్రానికి అన్వయించరాదు.

పన్ను మారిన తేదీలు

ఇటీవలి సంవత్సరాలలో అత్యధిక వివాదాలకు తావిచ్చినది వస్తు సేవల పన్ను. 2017 జూలై 1న పనుల కాంట్రాక్టులపై 18 శాతంతో ఈ పన్ను ఆరంభమైనది. ప్రభుత్వానికి చేసే పలు పనులపై అదే సంవత్సరం ఆగస్టు 22 నుండి 12 శాతానికి, మట్టి పని విలువ 75 శాతానికి మించిన కాంట్రాక్టులపై అక్టోబరు 13 నుండి 5 శాతానికి తగ్గినది. కార్పొరేషన్ల వంటి ప్రభుత్వ సంస్థలకు లభించిన తగ్గింపు 2022 జనవరి 1న తొలగిపోయినది. 2022 జూలై 18 నుండి ప్రభుత్వ పనులపై రేటు తిరిగి 18 శాతానికి, మట్టి పనులపై 12 శాతానికి పెరిగినది. 2025 సెప్టెంబరు 22 నుండి మట్టి పనులపై సైతం 18 శాతం వర్తించినది. సిమెంటుపై పన్ను 28 నుండి 18 శాతానికి తగ్గినది కూడా అదే తేదీన కావడం గమనార్హం.

అంటే 2021లో 5 శాతం లెక్కతో ఒప్పందం కుదిరి, 2025 చివరి వరకు సాగిన ఒక కాలువ తవ్వకం పనికి మూడు రేట్లు వర్తించి ఉంటాయి. రూ.1 కోటి విలువ గల పనిపై పన్ను తొలుత రూ.5 లక్షలు, తరువాత రూ.12 లక్షలు, ఆపై రూ.18 లక్షలు. ఈ తేడా ఎవరు భరించాలన్నది ఒప్పందంలోని ఒక్క వాక్యంపై ఆధారపడి ఉంటుంది. "అన్ని పన్నులతో కలిపి" అని ఉంటే ఒక రకం, పన్నును విడిగా చూపి వాస్తవ చెల్లింపు మేరకు ఇవ్వాలని ఉంటే మరొక రకం. పెద్ద సంస్థలు న్యాయవాదులను పెట్టుకొనగలవు. మండల స్థాయిలో చిన్న పనులు చేసుకొనే గుత్తేదారుకు ఈ తేడా మొత్తం లాభాన్ని మించిపోవచ్చును.

రేటు మారిన రోజుకు అటూ ఇటూగా జరిగిన పనులకు కేంద్ర వస్తు సేవల పన్ను చట్టంలోని 14వ సెక్షన్ వర్తిస్తుంది. పని పూర్తి, ఇన్‌వాయిస్ జారీ, సొమ్ము చెల్లింపు అను మూడింటిలో ఏ రెండు మార్పుకు ముందు జరిగితే పాత రేటు, ఏ రెండు మార్పు తరువాత జరిగితే కొత్త రేటు అన్నది స్థూలంగా దీని సారాంశం. 2022 జూలై మొదటి వారంలో పని ముగించినవారు ఇన్‌వాయిస్‌ను 18వ తేదీకి ముందే ఇచ్చి ఉంటే, చెల్లింపు ఎంత ఆలస్యమైనా పాత రేటే. కొలతలు నమోదు కాలేదన్న కారణంతో ఇన్‌వాయిస్ ఆగిపోయి ఉంటే కొత్త రేటు. కొలతల పుస్తకంలో పది రోజుల జాప్యం కోటి రూపాయల పనిపై ఆరు లక్షల భారం కాగలదని క్షేత్రస్థాయి ఇంజనీర్లు గుర్తించవలసి ఉన్నది.

బిల్లులో మినహాయింపులు

పన్ను మినహాయించి రూ.2.5 లక్షలకు మించిన కాంట్రాక్టు విషయంలో, బిల్లు చెల్లించే అధికారి 2018 అక్టోబరు 1 నుండి 2 శాతం వస్తు సేవల పన్నును మూలంలో కోత పెట్టి, మరుసటి నెల 10వ తేదీలోగా జమ చేయవలసి ఉన్నది. ఆదాయపు పన్ను కోత వ్యక్తులకు 1 శాతం, సంస్థలకు 2 శాతం. 1961 చట్టంలో 194సి సెక్షన్‌గా అందరికీ పరిచితమైన ఈ నిబంధన, 2026 ఏప్రిల్ 1 అమలు తేదీగా గల 2025 చట్టంలో 393వ సెక్షన్‌లో చేరినది. పాత సెక్షన్ సంఖ్యతో అచ్చయిన బిల్లు ఫారాలను కార్యాలయాలు సరిచూసుకొనడం మంచిది. వీటికి తోడు నిర్మాణ కార్మికుల సంక్షేమ సెస్సు 1 శాతం, ఇసుక, కంకర, గ్రావెల్‌పై సీనరేజి ఉంటాయి. సీనరేజి విషయంలో గుత్తేదారు గనుల శాఖ పర్మిట్లను చూపలేకపోవడమే ఎక్కువ అభ్యంతరాలకు మూలం.

ధరల సర్దుబాటు నిబంధన ఉన్న ఒప్పందాలలో టోకు ధరల సూచీ ఏ ఆధార సంవత్సరానిదో చూడాలి. 2017 మే నెలలో 2004-05 శ్రేణి స్థానంలో 2011-12 శ్రేణి వచ్చినది. రెండు శ్రేణుల అంకెలను అనుసంధాన గుణకం లేకుండా నేరుగా పోల్చితే ఫలితం తారుమారవుతుంది.

సమాచారం లభించే చోటు

ఉత్తర్వులను ప్రజలకు అంతర్జాలంలో అందుబాటులో ఉంచే ఏర్పాటు ఆంధ్రప్రదేశ్‌లో 2021లో నిలిచిపోయి 2024లో పునరుద్ధరణ అయినది. ఆ మధ్యకాలపు ఉత్తర్వుల కోసం సంబంధిత శాఖనే సంప్రదించవలసి రావచ్చును. సమాచార హక్కు చట్టం, 2005 లోని 2(ఎఫ్) సెక్షన్ "సమాచారం" అన్న పదానికి ఇచ్చిన నిర్వచనంలో కాంట్రాక్టులను పేర్కొన్నది. పనులను తనిఖీ చేయడానికి, వాడిన సామగ్రి నమూనాలను ధ్రువీకరణతో పొందడానికి 2(జె) సెక్షన్ హక్కు కల్పించినది. ఈ రెండవ హక్కును వినియోగించుకొంటున్న పాత్రికేయులు చాలా తక్కువ. వాణిజ్య రహస్యాలకు 8(1)(డి) సెక్షన్ కింద రక్షణ ఉన్నప్పటికీ, విస్తృత ప్రజా ప్రయోజనం ఉన్నదని సంబంధిత అధికారి భావిస్తే వాటిని సైతం వెల్లడించవచ్చును. రాష్ట్ర నిబంధనల ప్రకారం దరఖాస్తు రుసుము గ్రామ స్థాయిలో లేదు. మండల స్థాయిలో రూ.5, ఇతర కార్యాలయాలలో రూ.10.

దరఖాస్తులో "పని వివరాలు ఇవ్వగలరు" అని వ్రాయడం కంటె ఒప్పందం సంఖ్య, పరిపాలనా ఆమోదపు ఉత్తర్వు సంఖ్య, కొలతల పుస్తకం పుటలు, అనుబంధ ఒప్పందాల ప్రతులు అని విడివిడిగా కోరినచో సమాధానం సులభమవుతుంది. కాగ్ నివేదికలు 151వ అధికరణం ప్రకారం శాసనసభ ముందుకు వస్తాయి. అయితే అవి పని జరిగిన కొన్నేళ్లకు గాని వెలువడవు.