రామానుజన్ గదిలో వంట

డిసెంబరు 22 వస్తే మా బడిలో గణిత దినోత్సవం జరుపుతాం. ప్రతి ఏడూ ఎవరో ఒకరు శ్రీనివాస రామానుజన్ గురించి మాట్లాడతారు. ప్రతి ఏడూ 1729 అనే ట్యాక్సీ నంబరు కథ తప్పకుండా వస్తుంది. రెండు ఘనాల మొత్తంగా రెండు విధాలుగా రాయగల సంఖ్యల్లో అదే చిన్నదని మా అందరికీ నోటికి వచ్చేసింది. కానీ ఆ ట్యాక్సీ ఎక్కడికి వెళ్ళింది అని ఎవరూ అడగరు. అది ఆస్పత్రికి వెళ్ళింది. లండన్‌లోని పుట్నీలో జబ్బుగా పడి ఉన్న రామానుజన్‌ను చూడటానికి హార్డీ దొర అందులో వచ్చాడు. ముప్పై ఏళ్ళ మనిషి ఆస్పత్రిలో ఎందుకున్నాడు అని చదువుతూ పోతే నేను లెక్కల దగ్గర కాకుండా వంట దగ్గరికి వచ్చి ఆగాను.

ఆయన ఈరోడ్‌లో పుట్టి కుంభకోణంలో పెరిగారు. మద్రాసు హార్బరు ఆఫీసులో నెలకు 30 రూపాయల గుమాస్తా. 1913 జనవరిలో కేంబ్రిడ్జిలోని హార్డీకి ఉత్తరం రాశారు. 1914 మార్చి 17న మద్రాసులో నెవాసా అనే ఓడ ఎక్కి, ఏప్రిల్ 14న లండన్‌లో దిగారు. ఈ సంగతులన్నీ మన పుస్తకాల్లో ఉన్నవే. మొదట కొన్ని వారాలు నెవిల్ అనే లెక్కల మాస్టారి ఇంట్లో ఉండి, తరవాత ట్రినిటీ కాలేజీ వాళ్ళ గదిలోకి మారారు. అక్కడ మొదలయింది అసలు కష్టం.

రామానుజన్‌ది ఆచారం గల వైష్ణవ కుటుంబం. మాంసం ముట్టరు. కాలేజీ భోజనశాలలో వందల మందికి ఒకేచోట వండుతారు, ఆ గిన్నెల మీద ఆయనకు నమ్మకం లేదు. అందుకని తన గదిలోనే గ్యాసు పొయ్యి మీద సొంతంగా వండుకున్నారు. వండే ముందు వేసుకున్న బట్టలు విప్పి పైజమాలు తొడుక్కోకుండా ఒక్కరోజు కూడా పొయ్యి దగ్గరికి వెళ్ళేవారు కాదని హార్డీ రాశాడు. హార్డీకి అది వింతగా అనిపించినట్టుంది. మా నానమ్మ వింటే వింత పడదు, మడి కట్టుకున్నాడు అంటుంది.

డబ్బుకు పెద్ద ఇబ్బంది లేదు. మద్రాసు విశ్వవిద్యాలయం ఏడాదికి 250 పౌన్లు ఇచ్చేది, అందులో 50 ఇంటికి పోయేది. ట్రినిటీ కాలేజీ ఇంకో 60 ఇచ్చేది. ఇబ్బంది సామాన్లకే. పాలు, పళ్ళు మంచివి దొరికాయి, అవి లేకపోతే ఇంకా బాధపడి ఉండేవాణ్ణని ఊరికి రాశారు. చింతపండు, కొబ్బరినూనె లాంటివి పార్సిలులో తెప్పించుకున్నారు. ఈ మాట చదివి వినిపిస్తే మా అమ్మ, "గింజలు తీసే పంపి ఉంటారులే, తూకం తగ్గుతుంది" అంది. మా అన్న జర్మనీలో చదువుతున్నాడు, అమ్మకు ఆ లెక్క బాగా తెలుసు.

ఆ గదికి వచ్చిపోయిన వాళ్ళలో మహలనోబిస్ ఒకరు. తరవాత భారత గణాంక సంస్థను స్థాపించింది ఆయనే. ఒక రోజు ఆయన స్ట్రాండ్ అనే పత్రికలో వచ్చిన పొడుపు లెక్క ఒకటి పట్టుకొచ్చారు. ఒక వీధిలో ఇళ్ళకు 1, 2, 3 అని వరస నంబర్లు. ఒక ఇంటికి ఎడమపక్క ఉన్న నంబర్లన్నీ కూడినా, కుడిపక్క ఉన్నవన్నీ కూడినా ఒకటే మొత్తం వస్తుంది. వీధిలో ఇళ్ళు 50కి పైన, 500కి లోపల. ఆ ఇల్లు ఏది? రామానుజన్ అప్పుడు పొయ్యి మీద గిన్నెలో ఏదో కలియబెడుతున్నారు. గరిటె ఆపకుండానే, ఆ ఒక్క వీధికే కాదు, అలాంటి వీధులన్నిటికీ సరిపోయే జవాబు చెప్పేశారు. వీధిలో 288 ఇళ్ళు, ఇంటి నంబరు 204. నేను కాగితం మీద కూడి చూశాను, రెండు వైపులా 20,706 వచ్చింది. నాకు అరగంట పట్టింది, పొయ్యి మీద ఏమీ లేదు కూడా.

ఇంకొక కథ నవ్వు తెప్పిస్తుంది, తరవాత తెప్పించదు. ఛటర్జీ అనే స్నేహితుణ్ణి, అతనికి కాబోయే భార్యను, వాళ్ళతో వచ్చిన మరొకామెను రామానుజన్ తన గదికి భోజనానికి పిలిచారు. చారు తానే కాచి వడ్డించారు. మారు వడ్డించారు. మూడోసారి వడ్డించబోతే ఆడవాళ్ళు ఇక చాలన్నారు. కాసేపటికి చూస్తే రామానుజన్ లేరు. మెట్లు దిగి, ట్యాక్సీ ఎక్కి వెళ్ళిపోయారు. కొన్ని రోజులకు ఆక్స్‌ఫర్డ్ నుంచి తంతి వచ్చింది, అయిదు పౌన్లు పంపమని. వద్దన్నందుకు మనసు నొచ్చుకుందని తరవాత చెప్పారు. ఇంత కోపమా అని మా క్లాసులో అందరూ నవ్వారు. సముద్రం దాటి వచ్చిన చింతపండుతో కాచిన చారు అయి ఉంటుంది అది. మా ఇంట్లో కూడా వడ్డించింది వద్దంటే ఊరుకోరు.

1914 ఆగస్టులో యుద్ధం వచ్చింది. ఓడలు మునుగుతున్నాయి, పార్సిళ్ళు ఆలస్యం, ఊళ్ళో కూరగాయలు ప్రియం. 1915 మొదట్లో ఒక స్నేహితుడికి రాసిన ఉత్తరంలో, నాకేమీ పంపక్కర్లేదు, నాలుక నా అదుపులోకి వచ్చింది, ఉత్త అన్నంలో ఇంత ఉప్పు, నిమ్మరసం ఉంటే ఎన్నాళ్ళయినా గడిపేస్తాను అనే అర్థం వచ్చేట్టు రాశారు. నాకు ఈ ఉత్తరం ఆయన సూత్రాలన్నిటికంటే బాగా అర్థమైంది. అది నిజం కాదు. లెక్కలో పడితే రోజుకు ఒక్కసారే వండుకునేవారు, ఒక్కోసారి రెండు రోజులకొకసారి, అదీ తెల్లవారుజామున. ఇంటికి మొదట నెలకు మూడు నాలుగు ఉత్తరాలు వచ్చేవి, 1917 నాటికి దాదాపు ఆగిపోయాయి.

ఆ ఏడు వసంతంలోనే ఆస్పత్రి పాలయ్యారు. క్షయ అన్నారు డాక్టర్లు. అది క్షయ కాదు, కాలేయానికి పట్టిన అమీబా జబ్బు అయి ఉండవచ్చని 1990లలో ఒక పరిశోధకుడు రాశాడు. తిండి ఒక్కటే కారణమని నేను అనను. కానీ జబ్బు మనిషికి బలమైన తిండి కావాలి, మ్యాట్లాక్ శానటోరియం వంటవాళ్ళకు మన వంట తెలియదు, వాళ్ళు పెట్టింది ఈయన తినరు. చూడటానికి వెళ్ళిన కడలూరు ఇంజనీరు రామలింగం 1918 జూన్‌లో హార్డీకి పెద్ద ఉత్తరం రాశారు. అందులో చాలా భాగం భోజనం గురించే. రాయల్ సొసైటీ ఫెలో అయింది కూడా ఆ ఏడాదే.

1919లో తిరిగి వచ్చారు, 1920 ఏప్రిల్ 26న మద్రాసు చేట్‌పట్‌లో పోయారు. నువ్వు నాతో వచ్చి ఉంటే నాకు ఈ జబ్బు వచ్చేది కాదు అని ఆయన అన్నట్టు భార్య జానకి గారు ముసలితనంలో చెప్పుకున్నారు.

నిన్న రాత్రి అన్న ఫోన్ చేశాడు. అమ్మ ఎప్పటిలా "తిన్నావా నాయనా" అంది. "తిన్నానమ్మా, ఏమీ పంపొద్దు" అన్నాడు. నేను ఫోన్ లాక్కుని, ఏం వండావు, ఎన్ని గంటలకు వండావు, గిన్నె చూపించు అన్నాను. అన్న కాసేపు మాట్లాడలేదు. తరవాత, చింతపొడి అయిపోయి పది రోజులైంది అన్నాడు.