బాలింతల రొమ్ముల సంరక్షణ: మిట్టేమరి తల్లులు తెలుసుకోవాల్సినవి

బాగేపల్లి తాలూకా మిట్టేమరి చుట్టుపక్కల ఇళ్లలో మనం మాట్లాడేది తెలుగు. ఆసుపత్రిలో ఇచ్చే తాయి కార్డు మాత్రం కన్నడలో ఉంటుంది. అందుకే పాలిచ్చే తల్లులకు కావలసిన విషయాలను ఇక్కడ తెలుగులో ఇస్తున్నాం.

తొలి పాలు
బిడ్డ పుట్టిన గంటలోపే రొమ్ము పట్టించాలి. పసుపుపచ్చగా, చిక్కగా వచ్చే ముర్రుపాలు చెడ్డపాలు కావు, పారేయకండి. బిడ్డకు రోగాలను తట్టుకునే శక్తినిచ్చేవి అవే. ఆరు నెలలు నిండేదాకా నీళ్లు, తేనె కూడా వద్దు.

పాలు కట్టినప్పుడు
కాన్పయిన మూడు నుంచి ఐదు రోజుల్లో రొమ్ములు బరువెక్కి గట్టిపడతాయి. రోజుకు 8 నుంచి 12 సార్లు పాలిస్తే చాలావరకు సర్దుకుంటుంది. బిడ్డ నోటికి అందకపోతే, చేత్తో కొద్దిగా పాలు పిండి, మెత్తబడ్డాక పట్టించండి. పాలిచ్చాక చల్లటి తడిగుడ్డ వేస్తే నొప్పి తగ్గుతుంది. గట్టిగా నలపకూడదు, బిగించి కట్టకూడదు. రొమ్ములకు మల్లెపూలు కట్టడం పాలు ఆపడానికి వాడే పాత పద్ధతి. పాలివ్వాలనుకునే తల్లి అది చేయరాదు.

చనుమొన పగిలితే
బిడ్డ చనుమొనను మాత్రమే పట్టుకోవడం దీనికి ముఖ్య కారణం. నోరు బాగా తెరిచాక, చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా నోట్లోకి వెళ్లేలా పట్టించాలి. సబ్బుతో రుద్దకండి. చివరి పాలచుక్కలు రాసి గాలికి ఆరనివ్వండి.

జ్వరం వస్తే
రొమ్ములో ఒకచోట ఎర్రబడి, నొప్పి, చలిజ్వరం వస్తే అది రొమ్ము వాపు. "పాలు విషమయ్యాయి, బిడ్డకు ఇవ్వొద్దు" అని పెద్దలు అంటుంటారు. అది నిజం కాదు. పాలు ఆపితే వాపు ముదిరి చీముగడ్డ కావచ్చు, అప్పుడు చీము తీయించాల్సి వస్తుంది. పాలిస్తూనే ఉండండి. ఒక రోజులో తగ్గకపోతే డాక్టరుకు చూపించండి. పాలిచ్చే తల్లులకు సరిపడే మందులు ఉన్నాయి. తగ్గకుండా మిగిలిన గడ్డను నిర్లక్ష్యం చేయకండి.

ఎవరిని అడగాలి
మొదట ఊళ్లోని ఆశా కార్యకర్తను అడగండి. బాలింతలకు అంగన్‌వాడీలో వేడి భోజనం పెట్టే మాతృపూర్ణ పథకం 2017 అక్టోబర్ 2న మొదలైంది. అక్కడికి వెళ్లినప్పుడు నొప్పి సంగతి సిగ్గుపడకుండా చెప్పండి. జ్వరం తీవ్రమైతే 108కి ఫోన్ చేయండి. ఇంట్లో అత్తలు, అమ్మలు, భర్తలు కూడా ఇది చదివితే తల్లికి సగం భారం తగ్గుతుందని మా నమ్మకం.