డన్సనీని చదవకముందే రాసిన డన్సనీ కథ

అమెరికా రచయిత హెచ్.పి. లవ్‌క్రాఫ్ట్ తొలినాటి స్వప్నలోక కథలకు ఐర్లండ్ రచయిత లార్డ్ డన్సనీయే మూలమన్న అభిప్రాయం బలంగా ఉన్నది. అది చాలా కథలకు వర్తిస్తుంది. ‘పొలారిస్’ అనే చిన్న కథకు మాత్రం వర్తించదని తోస్తున్నది.

1. డన్సనీ ‘ఎ డ్రీమర్స్ టేల్స్’ 1910లో వెలువడింది. లవ్‌క్రాఫ్ట్ దానిని చదివినది 1919లో. ఆ ఏడాది అక్టోబరు 20న బోస్టన్‌లో డన్సనీ ప్రసంగాన్ని స్వయంగా విన్నాడు. ఆ శరత్కాలంలోనే రాసిన ‘ది వైట్ షిప్’లోని నౌకాయానం, డన్సనీ పుస్తకంలోని యాన్ నదీయాన కథకు చాలా దగ్గరగా ఉంటుంది. ఇక్కడ ప్రభావాన్ని శంకించే అవసరం కనిపించదు.

2. ‘పొలారిస్’ అచ్చయినది 1920 డిసెంబరులో. ముద్రణ తేదీనే ప్రమాణంగా తీసుకుంటే ఇదీ ఆ వరుసలోనిదే అవుతుంది. కాని రచనాకాలం 1918. డన్సనీని చదవకముందే రాశానని లవ్‌క్రాఫ్ట్ చెప్పుకున్నాడు. తన మౌలికత గురించి తానే ఇచ్చుకున్న సాక్ష్యం కనుక అదొక్కటే చాలదు. అయితే 1918 మే నెలలో మిత్రుడు మారిస్ మోకు రాసిన ఉత్తరంలో, కలలో కనిపించిన ఒక వింత నగరం వర్ణన ఉన్నది. కథాబీజం అప్పటికే ఉన్నదని దీనితో తేలుతుంది. అచ్చుకు ముందు వాక్యాలను సవరించి ఉండవచ్చునన్న శంకకు మాత్రం ఈ ఉత్తరం జవాబు కాదు.

3. మరి పోలిక ఎక్కడిది? ఇద్దరూ చిన్ననాడే ఎడ్గార్ ఎలన్ పో రచనలు చదివినవారు. ‘పొలారిస్’ కథకుడు శత్రువు రాకను కనిపెట్టవలసిన కావలివాడు; ధ్రువనక్షత్రపు మాయకు లోబడి నిద్రపోతాడు; ఆపైన ఏది కల, ఏది మెలకువ అన్నది తేలక, తన తప్పును తలచుకుని కుమిలిపోతాడు. తనను తానే దోషిగా నిలబెట్టుకునే ఈ ఉత్తమపురుష కథనం డన్సనీ పురాణశైలి కంటె పోకే దగ్గర. డన్సనీ కథల్లో తరచు కనిపించే దేవతల ప్రసక్తి ఇందులో లేకపోవడం కూడా గమనించదగినదే, అది నిర్ణాయకం కాకపోయినా.

4. 1929 నాటి ఒక ఉత్తరంలో లవ్‌క్రాఫ్ట్, తనవద్ద పో తరహా కథలు, డన్సనీ తరహా కథలు ఉన్నాయే గాని తనవంటూ ఏవని వాపోయాడు. అనుకరణకు ఇది ఒప్పుకోలు అనిపించవచ్చు. రెండవ అంశంలో రచయిత మాటను ఒంటరిగా నమ్మనప్పుడు ఇక్కడ మాత్రం నమ్మడం న్యాయం కాదు. ఆ ఉత్తరం నాటికి అతని సొంత ముద్ర గల కథ ‘ది కాల్ ఆఫ్ కతుల్హు’ అచ్చయి ఏడాది దాటింది.