ఒంటివాదర కత్తి: చైనా సాములో దావ్ చరిత్ర

చైనా యుద్ధవిద్యల్లో దావ్ అంటే ఒకవైపే పదునుండే కత్తి. రెండువైపులా పదునుండి తిన్నగా సాగే జియెన్ కాలక్రమంలో పండితులకూ అధికారులకూ హోదాచిహ్నంగా మారింది. మామూలు సైనికుడి నడుముకు వేలాడింది మాత్రం దావే. ఇవాళ కత్తిసాము నేర్చుకునే కొత్తవారి చేతికి జియెన్ కంటే ముందు వచ్చేదీ సాధారణంగా ఇదే. అయితే శిక్షణశాలల్లో కనిపించే దావ్‌కూ, యుద్ధంలో వాడిన దావ్‌కూ చాలా తేడా ఉంది. ఈ తేడా ఎలా వచ్చిందో తెలిస్తే తప్ప సరైన కత్తిని ఎంచుకోవడం కష్టం.

హాన్ వంశ కాలంలో (క్రీ.పూ. 206 – క్రీ.శ. 220) అశ్వికదళం యుద్ధానికి కీలకమైంది. పరుగెత్తే గుర్రం మీంచి పొడవడం కన్నా నరకడం తేలిక. వెన్ను దళసరిగా ఉండే ఒంటివాదర కత్తి ఆ దెబ్బకు తట్టుకుంటుంది, తయారీ కూడా సులువు. అలా జియెన్ యుద్ధరంగం నుంచి క్రమంగా తప్పుకుంది. అప్పటి దావ్ వంపు లేకుండా తిన్నగా ఉండేది, పిడి చివర ఒక ఉంగరం ఉండేది. షాన్‌డాంగ్ ప్రాంతంలో దొరికిన అలాంటి ఒక కత్తి మీద క్రీ.శ. 112 నాటి లేఖనం ఉంది. ముప్పైసార్లు శుద్ధి చేసిన ఉక్కుతో దాన్ని చేసినట్టు అందులో చెక్కారు. టాంగ్ వంశం (618–907) నాటికీ కత్తి తిన్నగానే ఉంది. ఆ పద్ధతి కత్తులు జపాన్‌లోని నారాలో, షోసోయిన్ భాండాగారంలో నేటికీ భద్రంగా ఉన్నాయి.

వంపు ఉత్తరాది గడ్డిమైదానాల నుంచి వచ్చింది. గుర్రమే జీవితంగా బతికిన సంచార జాతుల వంపు కత్తి, మంగోలుల పాలన తరవాత చైనా సైన్యంలో స్థిరపడింది. మింగ్ కాలంలో మరో ప్రభావం సముద్రం మీంచి వచ్చింది. పదహారో శతాబ్దంలో తూర్పు తీరాన్ని దోచుకున్న వోకో అనే సముద్రపు దొంగల పొడవాటి జపాన్ కత్తుల ముందు చైనా సైనికులు నిలవలేకపోయారు. వారిని అణచిన సేనాని చీ జిగ్వాంగ్ (1528–1588) శత్రువు విద్యనే నేర్చుకోవాలని నిశ్చయించాడు. 1561లో యుద్ధంలో చిక్కిన జపాన్ కత్తిసాము పత్రాన్ని తన సైనిక గ్రంథంలో చేర్చాడు. 1621లో చెంగ్ జోంగ్‌యూ ఆ జపాన్ పద్ధతి ఆధారంగానే రెండు చేతులతో పట్టే దావ్ మీద ఒక సచిత్ర గ్రంథం రాశాడు. చైనా కత్తిసాము పూర్తిగా స్వదేశీ సంప్రదాయమని చెప్పేవారు ఈ ఘట్టాన్ని పట్టించుకోరు. ఆ విద్య గొప్పతనంలో సగం ఈ స్వీకారంలోనే ఉంది.

చింగ్ వంశ కాలంలో (1644–1912) సైనిక దావ్‌లు ప్రధానంగా రెండు రూపాల్లో స్థిరపడ్డాయి. ఒకటి బాతు ఈక ఆకారం: వాదర చాలావరకు తిన్నగా ఉండి మొన దగ్గర మాత్రమే వంగుతుంది. రెండోది విల్లో ఆకు ఆకారం: పిడి నుంచి మొన వరకు సన్నగా, ఒకే తీరుగా వంగుతుంది. మేలైన కత్తుల్లో గట్టి ఉక్కు పలకను రెండు మెత్తని ఇనుప పొరల మధ్య పెట్టి కొలిమిలో అతికేవారు. గట్టి ఉక్కు వాదరకు పదునిస్తే, మెత్తని ఇనుము కత్తి విరగకుండా కాపాడుతుంది.

ఆ కత్తుల అసలు రహస్యం పైకి కనిపించదు. పిడి దగ్గర వెన్ను ఏడెనిమిది మిల్లీమీటర్ల దళసరి ఉంటే, మొన వైపు పోయేకొద్దీ రెండు మూడు మిల్లీమీటర్లకు తగ్గుతుంది. అందుకే బరువంతా చేతికి దగ్గరగా నిలుస్తుంది. దాదాపు కిలో బరువున్న కత్తి కూడా చేతిలో తేలికగా తిరుగుతుంది, వేసిన దెబ్బను మధ్యలోనే ఆపి దిశ మార్చవచ్చు.

ఇప్పుడు సినిమాల్లోనూ దుకాణాల్లోనూ కనిపించే, మొన దగ్గర వెడల్పుగా విచ్చుకునే కత్తి వీటిలో ఏదీ కాదు. దాన్ని ఎద్దుతోక దావ్ అంటారు. పంతొమ్మిదో శతాబ్దంలో పౌరుల మధ్య పుట్టిన ఈ కత్తి సైన్యపు అధికారిక ఆయుధం ఎన్నడూ కాలేదు. కాపలాదారులు, తిరుగుబాటుదారులు, వీధుల్లో సాము చూపి పొట్టపోసుకునే వస్తాదులు దీన్ని వాడారు. కవచం లేని మనిషిని నరకడానికి వెడల్పాటి పలచని అలుగు చాలు. ఆ వస్తాదుల శిష్యపరంపరే ఇరవయ్యో శతాబ్దపు సంఘాలకు గురువులను అందించింది. 1910లో షాంఘైలో మొదలైన జింగ్‌వూ సంఘం, 1928లో నాన్‌జింగ్‌లో ఏర్పడిన కేంద్ర గువోషు సంస్థ ఈ విద్యలను వ్యవస్థీకరించాయి. అలా ఎద్దుతోక దావ్ చైనా కత్తికి ప్రతీకగా మారింది.

యుద్ధంలో దావ్ చివరి అధ్యాయం మాత్రం వేరే రూపానిది. దాదావ్ అనే ఆ కత్తికి అలుగు వెడల్పు, పిడి పొడవు, రెండు చేతులతో పట్టాలి. పల్లె కమ్మరి కూడా దాన్ని చేయగలడు. 1933 మార్చిలో మహాకుడ్యం దగ్గర షీఫెంగ్‌కోలో చైనా 29వ సైన్యం జపాన్ శిబిరాల మీద రాత్రివేళ ఈ కత్తులతో విరుచుకుపడింది. తుపాకులు, ఫిరంగుల కొరత ఎంతగా ఉండేదో చెప్పడానికి ఆ దాడులే సాక్ష్యం.

1949 తరవాత ప్రభుత్వం ఈ యుద్ధవిద్యలను వూషూ పేరుతో క్రీడగా తీర్చిదిద్దింది. 1990 బీజింగ్ ఆసియా క్రీడల్లో అది పోటీ అంశమైంది. గెంతులు, వేగం, విన్యాసానికి మార్కులు వచ్చే ఆ పోటీకి ఎద్దుతోక ఆకారాన్నే ఉంచి, అలుగును రేకులా పలచగా చేశారు. విసిరినప్పుడు అది వణికి గలగలమంటుంది, పిడికి కట్టిన ఎర్ర గుడ్డ ఎగురుతుంది. ఆ చప్పుడు ప్రదర్శన కోసమే. వెన్నులో బరువు లేదు కనక అలాంటి కత్తితో నరకడం, అడ్డుకోవడం అర్థంకావు.

ఎంపికలో తేల్చుకోవలసింది ఇక్కడే. పోటీ వూషూకి పలచని కత్తే సరైనది, బరువైనది మణికట్టును దెబ్బతీస్తుంది. తైజీకి, పాత పద్ధతి సాముకు మొన వైపు క్రమంగా పలచబడే నిండైన అలుగు కావాలి. అలాంటిది వేలి మీద నిలిపితే గార్డు నుంచి జానెడు లోపలే తూగుతుంది. మొన వరకూ ఒకే దళసరి ఉన్న కత్తి బరువు మొనకు చేరి, తిప్పేకొద్దీ చేతిని లాగేస్తుంది. అలుగు తోక పిడి లోపల చివరిదాకా సాగి బిగిసి ఉండాలి. అది సన్నని ఊచగా అతికించినదైతే సాధన మధ్యలో ఊడి ఎగిరే ప్రమాదముంది. పొడవుకు వూషూ శిక్షణలో ఒక కొలత ఉంది: ఎడమచేతిని కిందికి వదిలి, కత్తిని మొన పైకి ఉండేలా చేతి వెంట నిలబెడితే, మొన చెవి ఎత్తుకు తగ్గకూడదు.

మొదటి నెలలకు చెక్క కత్తి చాలు. ఆ తరవాత కూడా పదును పెట్టని కత్తే మంచిది. తలచుట్టూ తిప్పే కదలిక దావ్ సాధనకు పునాది. అందులో కత్తి వెన్ను భుజాన్నీ వీపునూ రాసుకుంటూ పోతుంది, వాదర బయటివైపు ఉంటుంది. ఆ మలుపులో మణికట్టు కాస్త తప్పినా వాదర లోపలికి తిరుగుతుంది. ఇందుకే అనుభవం గల గురువులు కత్తి పట్టిన చేతికన్నా ఖాళీగా ఉన్న ఎడమచేతినే ఎక్కువగా గమనిస్తారు. శరీరాన్ని సమతూకంలో నిలిపి, కత్తికి దారి ఇచ్చేది ఆ చెయ్యే.