వెయ్యి పున్నములు చూసినవాళ్ళు

"నిండు నూరేళ్ళూ చల్లగా బతుకు తల్లీ" అని మన నెత్తిన చెయ్యిపెట్టి దీవించే అవ్వే, అరగంట గడిచేసరికి అరుగు మీద చేరగిలబడి, "దేవుడు నన్నింకా ఎందుకు తీసుకుపోడో" అని నిట్టూరుస్తుంది. తనకు బరువైన ఆయుష్షును మనకు వరంగా ఇస్తుందన్నమాట! ఇదేం చోద్యమని నాకు చాలాకాలం అనిపించేది.

మా సీమ చరిత్ర చదివాక దీవెన సంగతి కొంత బోధపడింది. 1876లో మొదలైన ధాత కరువు ఈ నేలను పీల్చి పిప్పి చేసింది. మా కడపకు పక్కనున్న కర్నూలు జిల్లాలో 1871 జనాభా లెక్కకూ 1881 లెక్కకూ నడుమ దాదాపు నాలుగో వంతు జనం తగ్గిపోయారు. కడపలోనూ ఊళ్ళకు ఊళ్ళే చిక్కిపోయాయి. కరువు వస్తే ముందు పోయేది పసివాళ్ళూ, ముసలివాళ్ళూనే. బిడ్డ బతికి బట్టకడితే చాలనుకున్న ఇళ్ళలో నూరేళ్ళ దీవెన మాటవరసకు అన్నది కాదు. అదొక మొక్కు.

మరి నిట్టూర్పు మాటేమిటి? దానికి జవాబు కడప ఎర్రముక్కపల్లెలోని బ్రౌన్ గ్రంథాలయంలో నాకు దొరికింది.

చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1820లో ఉద్యోగిగా కడప వచ్చాడు. తర్వాత ఇక్కడే బంగళా కొని, పండితుల చేత తెలుగు కావ్యాలకు శుద్ధప్రతులు రాయించాడు. 1855లో ఇంగ్లండు వెళ్ళిపోయాడు. పింఛను పుచ్చుకుని పడక్కుర్చీలో కూర్చున్నాడా? లేదు. 1865లో, అరవై ఆరేళ్ళు నిండాక, లండన్ విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యుడయ్యాడు! 1884లో కన్నుమూసేనాటికి 86 ఏళ్ళు. వెయ్యి పున్నములు చూడాలంటే ఎనభై ఏళ్ళ పైచిలుకు బతకాలి. మనవాళ్ళు సహస్ర చంద్ర దర్శనమని వేడుక చేసేది అందుకే. లండన్ మబ్బుల్లో ఆయనకు ఎన్ని కనపడ్డాయో గానీ, లెక్కకైతే వెయ్యీ దాటాయి.

ఇక్కడ ఆ బంగళా పాడుపడింది. ఆ చోట గ్రంథాలయం లేవాలని పట్టుబట్టిన జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారు అప్పటికి రిటైరైన అధ్యాపకులు. మనవళ్ళను ఆడించుకునే వయసులో చందాల కోసం గడపగడపా ఎక్కారు. 2014లో, తొంభైకి దగ్గరపడి, ఆయన పోయారు. గ్రంథాలయం నిలిచింది.

మోకాళ్ళ నొప్పులు వీళ్ళిద్దరికీ ఉండే ఉంటాయి లెండి. కానీ తెల్లారి లేస్తే చేయాల్సిన పని ఒకటుంది. మన అవ్వ నిట్టూర్పు ఎప్పుడు మొదలైందో గుర్తుచేసుకోండి. "నువ్వు కూర్చో అవ్వా, మేం చూసుకుంటాం" అంటూ మనం ప్రేమగానే ఆమె చేతిలోని చేటా, గరిటా లాగేసుకున్న తర్వాత కదూ?

ఈ ఏడు ఆవకాయ కలిపేటప్పుడు ఉప్పూ కారం పాళ్ళు ఆమెనే చూడమనండి. నాలుగు చీవాట్లు పడతాయి. పడనివ్వండి.