ఓడిన జట్టును నిలబెట్టినదెవరు?

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం రాసి ఇవ్వమని మన కార్యదర్శి గారు అడిగారు. నాకు తెలిసిన చరిత్రలు రెండే రెండు అన్నాను. ఒకటి పెన్షన్ రూల్సు, రెండోది క్రికెట్టు. మొదటిది మనమంతా రోజూ అనుభవిస్తున్నదే కనుక రెండోది రాయమన్నారు.

అసలు ఈ విషయం రాయాలని 2024 నవంబరులోనే అనిపించింది. ఆ నెల మొదటి వారంలో న్యూజిలాండు వాళ్ళు మన దేశానికి వచ్చి మూడు టెస్టులకు మూడూ గెలిచిపోయారు. మూడు టెస్టుల సిరీసులో సొంతగడ్డ మీద ఒక్కటీ దక్కకపోవడం మన జట్టుకు అదే మొదలు. మర్నాడు లైఫ్ సర్టిఫికెట్ల పని మీద సంఘం కార్యాలయంలో చేరిన మిత్రులంతా ఒకటే మాట. ముసలివాళ్ళను ఇంటికి పంపి కుర్రవాళ్ళను తీసుకోవాలి! ఆ మాట అన్నవాళ్ళందరికీ డెబ్బై దాటాయి. నేనూ అన్నాను. ఇంటికి వచ్చాక మాత్రం పాత సంగతులు ఒక్కొక్కటే గుర్తుకు వచ్చాయి.

మన జట్టు చిత్తుగా ఓడిపోవడం, దాన్ని మళ్ళీ కూర్చుకోవడం మా తరం చాలాసార్లు చూసింది. అందులో మొదటిది 1958-59. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. చిక్కడపల్లిలో మా పక్కింటి వకీలు గారికి పెద్ద వాల్వు రేడియో ఉండేది. మేము పిల్లలం వాళ్ళ అరుగు మీద చేరేవాళ్ళం. ఇంగ్లీషు కామెంటరీ అర్థమయ్యేది కాదు. వకీలు గారి మొహం చూసి ఆట ఎలా ఉందో తెలుసుకునేవాళ్ళం. ఆ ఏడు ఆయన మొహం బాగున్న రోజు నాకు గుర్తు లేదు.

వెస్టిండీసు జట్టు వచ్చింది. అయిదు టెస్టులు. మనకు నలుగురు కెప్టెన్లు! బొంబాయిలో పాలీ ఉమ్రిగర్. కాన్పూరు, కలకత్తాల్లో మన హైదరాబాదు ఆఫ్‌స్పిన్నర్ గులాం అహ్మద్. కాన్పూరులో సుభాష్ గుప్తే ఒక్క ఇన్నింగ్సులో 9 వికెట్లు తీసినా 203 పరుగులతో ఓడాం. కలకత్తాలో ఇన్నింగ్సు 336 పరుగుల తేడాతో ఓడాం. గులాం అహ్మద్ టెస్టు క్రికెట్టుకే స్వస్తి చెప్పారు. మద్రాసు టెస్టుకు మళ్ళీ ఉమ్రిగర్‌ని కెప్టెన్ అన్నారు. జట్టు ఎంపికలో పేచీ వచ్చి ఆయన మ్యాచికి ముందు రాత్రి రాజీనామా ఇచ్చేశారు. వినూ మన్కడ్ పగ్గాలు పట్టారు. ఢిల్లీకి హేము అధికారి వచ్చారు. సిరీసు 3-0తో పోయింది.

తర్వాత 1959 ఇంగ్లండు పర్యటనకు దత్తా గైక్వాడ్ కెప్టెన్. లార్డ్స్ టెస్టుకు ఆయన అందుబాటులో లేక పంకజ్ రాయ్. ఈసారి 5-0. అదే ఏడు డిసెంబరులో ఆస్ట్రేలియా వచ్చేసరికి రామ్‌చంద్. లెక్క వేసుకోండి, ఏడాది పైచిలుకు కాలంలో ఏడుగురు కెప్టెన్లు. ఒక సెక్షనుకు ఏడాదిలో ఏడుగురు సూపరింటెండెంట్లు మారితే ఆ సెక్షనులో ఫైళ్ళ గతి ఏమవుతుందో మనకు ఒకరు చెప్పాలా? ఛార్జి కాగితం మీద సిరా ఆరకముందే ఇంకొకరు వచ్చి కూర్చుంటే, గుమాస్తా పని మానేసి, కొత్తాయన ఎలాంటివాడో కనుక్కునే పనిలో పడతాడు.

అయితే ఆ చీకట్లోనే మంచి కూడా జరిగింది. ఓడిపోతున్న ఆ ఇంగ్లండు పర్యటనలోనే ఆక్స్‌ఫర్డులో చదువుకుంటున్న మన హైదరాబాదు కుర్రవాడు అబ్బాస్ అలీ బేగ్‌ని పిలిపించి మాంచెస్టరులో ఆడించారు. మొదటి టెస్టులోనే 112 పరుగులు చేశాడు. ఇంకొక హైదరాబాదీ ఎం.ఎల్. జయసింహ కూడా ఆ పర్యటనలోనే లార్డ్స్‌లో తొలి టెస్టు ఆడాడు. డిసెంబరులో కాన్పూరులో పచ్చిక పిచ్ కొత్తగా వేశారు. దాన్ని చూసిన సెలెక్షన్ కమిటీ అధ్యక్షుడు లాలా అమర్‌నాథ్ ఆఫ్‌స్పిన్నర్ ఉండి తీరాలని పట్టుబట్టి 35 ఏళ్ళ జసూ పటేల్‌ని తీసుకున్నారు. ఆయన 69 పరుగులకు 9 వికెట్లు, రెండో ఇన్నింగ్సులో మరో 5 తీశారు. ఆస్ట్రేలియాపై మనకది మొట్టమొదటి టెస్టు విజయం. బేగ్‌కు ఇరవై, పటేల్‌కు ముప్పై అయిదు. ఎంపిక అంటే పుట్టిన తేదీ చూసి తీసుకోవడం కాదని నాకు ఇప్పుడు తెలుస్తున్నది. పనికి తగిన మనిషిని వెతకడం అది.

రెండో దెబ్బ 1962లో వెస్టిండీసులో తగిలింది. బార్బడోసులో చార్లీ గ్రిఫిత్ బంతి తగిలి కెప్టెన్ నారీ కాంట్రాక్టర్ తల పగిలింది. ప్రాణం దక్కడమే గొప్ప. ఆయనకు రక్తం ఇచ్చినవాళ్ళలో ప్రత్యర్థి కెప్టెన్ ఫ్రాంక్ వారెల్ కూడా ఉన్నారు. ఆ పరిస్థితిలో పటౌడీ నవాబు మన్సూర్ అలీ ఖాన్‌కు పగ్గాలు వచ్చాయి. వయసు 21 ఏళ్ళ 77 రోజులు. అది ఆయనకు నాలుగో టెస్టు మాత్రమే. అంతకు ముందు ఏడాదే కారు ప్రమాదంలో కుడికంటి చూపు పోయింది. ఆ సిరీసు 5-0తో ముగిసింది.

1958 పద్ధతి ప్రకారం ఆయన్ని అక్కడితో దించెయ్యాలి. దించలేదు. 1967లో ఇంగ్లండులో 3-0తో, ఆ వెంటనే ఆస్ట్రేలియాలో 4-0తో ఓడినా దించలేదు. ఆ ఓటముల నడుమ ఆయన హయాంలో ఏం జరుగుతున్నదో చూడండి. 1964లో చంద్రశేఖర్, 1965లో వెంకటరాఘవన్, 1966 ఆఖరున బేడీ టెస్టుల్లోకి వచ్చారు. 1962లో కనబడి చదువు కోసం పక్కకు వెళ్ళిన ప్రసన్న తిరిగి వచ్చాడు. ఆస్ట్రేలియాలోనే మన అబిద్ అలీ తొలి టెస్టులో 55 పరుగులకు 6 వికెట్లు తీశాడు. గాయాల వల్ల మనుషులు చాలక జయసింహను విమానంలో పిలిపిస్తే, దిగి బ్రిస్బేనులో 74, 101 చేశాడు. 39 పరుగుల తేడాతో ఆ టెస్టు చెయ్యి జారింది. అక్కడి నుంచి న్యూజిలాండు వెళ్ళి 1968 ఫిబ్రవరిలో డునెడిన్‌లో గెలిచారు. విదేశంలో మనకు అది మొదటి టెస్టు విజయం. సిరీసు 3-1తో మనదే అయింది.

ఇదేమీ తిన్నగా సాగిన దారి కాదు. 1969 అక్టోబరులో మన ఫతే మైదాన్‌లో, అంటే లాల్ బహదూర్ స్టేడియంలో, అదే న్యూజిలాండుతో టెస్టు జరిగింది. డిగ్రీ చదువుతున్న నేను చిల్లర పోగేసుకుని టిక్కెట్టు కొన్నాను. 49 పరుగులకు 9 వికెట్లు పడిపోయాయి. ఆఖరి జోడీ వెంకటరాఘవన్, బేడీ కలిసి 89 దాకా లాక్కువచ్చారు. రెండో ఇన్నింగ్సులో 76కి 7 పడి ఉండగా వాన వచ్చి మన పరువు కాపాడింది. తడుస్తూ ఇంటికి వెళ్తూ సెలెక్టర్లను నోటికొచ్చినట్టు తిట్టాను. ఆ మ్యాచిలోనే ఏక్‌నాథ్ సోల్కర్ అనే కుర్రవాడు తొలి టెస్టు ఆడాడని నేను పట్టించుకోలేదు. మరుసటి నెల కాన్పూరులో ఆస్ట్రేలియాపై విశ్వనాథ్ తొలి ఇన్నింగ్సులో సున్నాకు అవుటయ్యాడు. అప్పుడూ తిట్టాను. రెండో ఇన్నింగ్సులో అతను 137 చేశాడు. అప్పుడు సెలెక్షన్ కమిటీ అధ్యక్షుడు విజయ్ మర్చంట్. కొత్తవాళ్ళకు తలుపు తెరిచిన ఘనత ఆయనదే.

1971 జనవరిలో వెస్టిండీసు పర్యటనకు కెప్టెన్‌ను ఎన్నుకోవడంలో సెలెక్టర్ల ఓట్లు సమానమయ్యాయి. మర్చంట్ గారు తన కాస్టింగ్ ఓటు అజిత్ వాడేకర్‌కు వేశారు. పటౌడీ ఆ పర్యటనకు రానన్నారు. ఇది కూడా కుర్చీ మార్చడమే కదా అని మీరు అడగవచ్చు. మారింది ఆ ఒక్క కుర్చీయే. స్పిన్నర్లు వాళ్ళే, బ్యాటు పక్కన నిలబడి క్యాచులు పట్టేవాళ్ళు వాళ్ళే. ఆ జట్టులో మన హైదరాబాదు వాళ్ళే అయిదుగురు. జయసింహ, అబిద్ అలీ, కృష్ణమూర్తి, జయంతీలాల్, గోవిందరాజ్. కొత్తగా వచ్చిన గవాస్కర్ నాలుగు టెస్టుల్లో 774 పరుగులు చేశాడు. ఆఖరి క్షణంలో చోటు దొరికిన దిలీప్ సర్దేశాయ్ 212 చేశాడు. వెస్టిండీసుపై సిరీసు మొదటిసారి గెలిచాం.

ఆ ఏడు ఆగస్టు 24న ఓవల్‌లో ఇంగ్లండుపై కూడా గెలిచాం. అప్పటికి నేను ఎల్.డి.సి.గా చేరి ఏడాది అయింది. సాయంత్రం ఆఫీసు అయిపోయినా ఎవరూ ఇంటికి పోలేదు. ట్రాన్సిస్టర్ చుట్టూ మూగాం. చంద్రశేఖర్ 38 పరుగులకు 6 వికెట్లు తీసి ఇంగ్లండును 101కి కూల్చాడు. వెంకటరాఘవన్ బౌలింగులో ఆలన్ నాట్ క్యాచిని ముందుకు దూకి అందుకున్నది ఎవరనుకున్నారు? ఫతే మైదాన్‌లో నేను పట్టించుకోని సోల్కర్. గెలుపు ఫోరు కొట్టినది మన అబిద్ అలీ. అందరం ఎగిరి గంతులేశాం. పటౌడీ పేరు ఆ సాయంత్రం ఒక్కరూ ఎత్తలేదు. ఆయన తొమ్మిదేళ్ళు ఓడుతూ గెలుస్తూ పెంచిన చెట్టు ఇంకొకరి హయాంలో కాసింది.

అదే రోజుల్లో నా ఉద్యోగంలో ఒకటి జరిగింది. నాది పెన్షన్ సీటు. రిటైరైన ఒక అటెండరు గారి సర్వీసు రిజిస్టరులో ఒక ఏడాది వెరిఫికేషన్ లేదన్న సంగతి చూసుకోకుండా ప్రతిపాదనలు పంపాను. పై ఆఫీసు నుంచి తిరిగి వచ్చాయి. నాలుగు నెలలు ఆ పెద్దమనిషికి పెన్షన్ లేదు. రోజూ వచ్చి నా బల్ల ముందు నిలబడేవాడు. ఒక్క మాట అనేవాడు కాదు. ఆఫీసరు గారు నన్ను తపాలా సీటుకు మార్చమన్నారు. మా సూపరింటెండెంటు గారు ఒప్పుకోలేదు. “తప్పు ఎక్కడ జరుగుతుందో ఇప్పుడు వీడికే బాగా తెలుసండీ, ఇక్కడే ఉండనివ్వండి” అన్నారు. తర్వాత ముప్పై ఆరేళ్ళ సర్వీసులో నా చేతి మీదుగా వెళ్ళిన పెన్షన్ కేసు ఒక్కటి కూడా తిరిగి రాలేదు.

కాని నేను సూపరింటెండెంటునయ్యాక, 1990లలో, ఒక కుర్రవాడు ఒక బిల్లు రెండుసార్లు పెట్టాడు. నేను వారం తిరగకుండా నోటు రాసి అతన్ని తపాలాకు పంపించేశాను. నా మీదికి రాకుండా చూసుకున్నాను. తర్వాత అతనికి మంచి సీటు రాలేదు. 2007లో నా పదవీ విరమణ సభలో అతను కూడా దండ వేశాడు. అతని మొహంలోకి చూడలేకపోయాను.

1971తో కథ అయిపోలేదు. 1974 జూన్ 24న లార్డ్స్‌లో 42 పరుగులకు అందరూ అవుటయ్యారు. అందులో సోల్కర్‌వే 18. జేజేలు కొట్టిన జనమే వాడేకర్ ఇంటి మీద రాళ్ళు వేశారు. పశ్చిమ మండలం జట్టులో కూడా చోటు తీసేస్తే ఆయన ఆట మానుకున్నారు. మళ్ళీ పటౌడీనే పిలిచారు. ఆయన గాయపడితే ఢిల్లీ టెస్టుకు వెంకటరాఘవన్ కెప్టెన్, తర్వాతి టెస్టులో పన్నెండో మనిషి! ఆ విషయంలో మాత్రం 1958 బుద్ధి ఇంకా పోలేదు. అయినా రెండు టెస్టులు ఓడిన జట్టు కలకత్తా, మద్రాసుల్లో గెలిచి సమానం చేసింది. మద్రాసులో విశ్వనాథ్ 97 నాటౌట్. బొంబాయిలో ఓడి సిరీసు పోయినా జట్టు మాత్రం నిలబడింది.

టెస్టు జట్టుకు కెప్టెన్‌గా ఉన్న రోజుల్లోనే పటౌడీ రంజీలో హైదరాబాదుకు ఆడుతూ, జయసింహ కెప్టెన్సీలో ఆయన చూపించిన చోట ఫీల్డింగు చేసేవారు. గులాం అహ్మద్ కలకత్తా ఓటమితో వెళ్ళిపోయినా, 1983లో ప్రపంచ కప్పు గెలిచిన జట్టును ఎంపిక చేసిన కమిటీకి ఆయనే అధ్యక్షుడు. ఓడినవాడికి ఆట తెలియదని అనుకోకూడదు. జయసింహ 1999లో, పటౌడీ 2011లో, వాడేకర్ 2018లో, అబిద్ అలీ 2025లో వెళ్ళిపోయారు.

మిత్రులారా, మన ఇళ్ళల్లో మనవలు, మనవరాళ్ళు కొత్త ఉద్యోగాల్లో చేరుతున్నారు. కొందరు పై అధికారులయ్యారు కూడా. కింద పనిచేసే కుర్రవాడు తప్పు చేశాడని వాళ్ళు ఇంటికి వచ్చి విసుక్కుంటే, ఈ పాత స్కోర్లు ఒకసారి చదివి వినిపించండి. నా నోటు సంగతి కూడా చెప్పండి, నాకు అభ్యంతరం లేదు.